పద్నాలుగో పోటు

గోడలకి చెవులుంటాయని మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. సముద్రం అడుగున బురదకి కూడా ఉంటాయని కనిపెట్టినవాడు మాత్రం శాస్త్రవేత్త ఆకొండి విశ్వపతి. అది కూడా ఆయన వెతుక్కుంటూ వెళ్ళి పట్టుకున్నది కాదు, కాలికి తగిలింది. సముద్రంలో ముడినూనె ఎక్కడుందో తెలుసుకోవడానికి నీళ్ళలో పెద్ద పెద్ద చప్పుళ్ళు పేల్చి, అడుగు నుంచి వచ్చే ప్రతిధ్వనులు వినడం పాత పద్ధతి. అలా ఒక చోట పేల్చడం ఆపేసిన మూడు నెలలకి కూడా ఆయన పరికరంలో ఆ పేలుళ్ళు సన్నగా వినిపిస్తూనే ఉన్నాయి. పరికరం చెడిపోయిందనుకుని రెండుసార్లు విప్పి బిగించాడు. చెడిపోలేదు. ఆ చోట తవ్వితే నూనె పడింది.

కింద నూనె ఉన్నచోట అది కొద్దికొద్దిగా పైకి ఊరి, మీదున్న బంకమట్టిని నానబెడుతుందట. అలా నానిన మట్టి మైనంలా మెత్తబడి, పైన నీళ్ళలో పుట్టిన ప్రతి చప్పుడునీ పొరపొరగా అచ్చు వేసుకుంటుంది. వేసుకుని ఊరుకోదు కూడా. పోటు వచ్చినప్పుడల్లా నీటి బరువుకి నలిగి, తాను దాచుకున్నదాన్ని మనిషి చెవికి అందనంత సన్నగా మళ్ళీ పలుకుతుంది. నూనె లేని మట్టికి ఈ గుణం లేదు, అది ఎప్పటి మాట అప్పుడే మరిచిపోతుంది. కాబట్టి ఒక పొడుగాటి ఇనుప ఊచని మట్టిలోకి దించి వినడమే పని. పాత చప్పుళ్ళు వినిపించాయా, తవ్వు. వినిపించలేదా, పడవ పక్కకి తిప్పు. ఆ ఊచకి ప్రయోగశాలలో కుర్రాళ్ళు మట్టిచెవి అని పేరు పెట్టారు.

ఒక్కటే ఇబ్బంది. బావి తవ్వడం మొదలుపెట్టిన పూటే కింద ఒత్తిడి తగ్గి మట్టి కుంగుతుంది, ఆ అచ్చులన్నీ చెరిగిపోతాయి. పోయేవి పాత పడవల ఇంజన్ రొదలూ, వానల చప్పుళ్ళూ కాబట్టి ఎవరూ దాన్ని ఇబ్బంది అనుకోలేదు.

గరికిన మణిమాల కూడా అనుకోలేదు. ఆమె కాకినాడలో తూర్పు తీర ఇంధన మండలిలో ఆర్థికవేత్త. చినబంగారమ్మపేట చేపల వేటగాళ్ళ ఇళ్ళల్లో పుట్టి, ముప్పై ఎనిమిదేళ్ళకి అంత కుర్చీ ఎక్కిన మనిషి ఆ ఊళ్ళో ఇంకొకరు లేరు. సముద్రంలో కొత్తగా పదకొండు బావులు తవ్వడం దేశానికి ఎందుకు లాభమో చెప్పే నివేదిక రాయడం ఆమె పని. ఆమె దాన్ని జీతం కోసం రాయడం లేదు, నమ్మి రాస్తోంది. ఆ తేడా మనం మరిచిపోకూడదు.

నమ్మకానికి కారణాలు ఆమె కళ్ళముందే ఉన్నాయి. మనం కాల్చే నూనెలో ఎక్కువ భాగం పైదేశాల నుంచి కొనుక్కోవలసిందే. అక్కడ ఎవడో ఎవడితోనో కయ్యం పెట్టుకుంటే ఇక్కడ ఆటో డ్రైవరు పొయ్యి ఆరిపోతుంది. మట్టిచెవి వచ్చాక ఎండుబావి అన్న మాటే లేదు. ఇక ఊరి సంగతి. ఒడ్డున చేప లేక మొగవాళ్ళు గుజరాత్ పడవల మీద కూలికి వెళ్ళిపోతున్నారు. సముద్రం ఏటేటా ఒక వీధి మింగుతోంది. బావుల ఆదాయంలో ఊరి వాటాతో రాతిగోడ కట్టొచ్చు.

ఇదంతా ఆమె ఊరి సభలో నిలబడి ఊరి మాటల్లోనే చెప్పింది. చప్పట్లు కొట్టారు. వెనక కూర్చున్న ఆమె తల్లి కాసులమ్మ మాత్రం పక్కావిడతో, అందరికీ వినపడేలా, "మా గుంట సెప్తే సముద్రం కూడా సంతకం ఎట్టుద్ది. ఇంట్లో మాత్రం ఒక్క సేప కడగమంటే వొంద సాకులు సెప్పుద్ది" అంది. సభంతా నవ్వింది, మణిమాల కూడా నవ్వింది.

ఆ నవ్వు నాలుగు రోజులు నిలవలేదు.

నివేదికకి ఇంకా మూడు వారాల గడువుండగా ఒక పొద్దున విశ్వపతి కబురు పెట్టాడు. ఆయనకి అరవై దాటాయి. మాట నెమ్మది, మనిషి మరీ నెమ్మది. ఆమెని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, "ఆరో చోటు. మీ ఊరికి ఎదురుగానే. పదకొండింటిలోనూ పెద్ద నూనె గని అదే. మట్టిలో మాటలేవో ఉన్నాయి, నాకు అర్థం కాలేదు. మీ ఊరి భాషేమోనని పిలిచానమ్మా" అన్నాడు.

ముందు తుపాను. ఏ తుపానో ఆయన చెప్పక్కర్లేదు, ముప్పై ఏళ్ళ కిందటి ఆ తుపాను పేరు ఎత్తకుండానే ఆ తీరం మీద మనుషులు దాని గురించి మాట్లాడుకుంటారు. ఆ హోరు తగ్గాక చాలాసేపు నీటి చప్పుడు. తర్వాత చెక్క మీద మూడు దెబ్బలు. ఆ తర్వాత, గొట్టంలోంచి వస్తున్నట్టు, ఒక మగగొంతు.

"గరికినోళ్ళం. ముగ్గురం. పద్నాలుగు బారలు."

మణిమాల హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. మళ్ళీ తగిలించుకుంది.

ఇంజన్లు రాకముందు చినబంగారమ్మపేట పడవలు ఒకదాన్నొకటి పిలుచుకునే తీరు అది. తెడ్డు నీళ్ళలోకి నిలువుగా దించి, దాని మీద మూడు దెబ్బలు కొట్టి, పైకొసకి నోరు ఆనించి గట్టిగా కేక వేస్తారు. గాలిలో పోని కేక నీళ్ళలో పోతుంది. దూరాన ఇంకో పడవలో ఎవడో తన తెడ్డు దించి కొసకి చెవి ఆనిస్తే వినిపిస్తుంది. చెప్పేవి మూడే మాటలు: ఇంటిపేరు, ఎందరున్నారు, లోతు ఎన్ని బారలు. విన్నవాడు 'విన్నాను, వస్తున్నాను' అని తప్పకుండా పలకాలి. పిలవనివాడికి పలకకూడదు, పిలిచినవాడికి పలక్కుండా ఉండకూడదు. ఆడవాళ్ళ పేర్లు సముద్రం మీద ఎత్తకూడదు. ఆమెకి ఆరేళ్ళప్పుడు తండ్రి పోలయ్య ఒడ్డున మోకాటి లోతు నీళ్ళలో నిలబెట్టి ఇదంతా నేర్పాడు. ఆడపిల్లకెందుకని ఊరు నవ్వితే, "దానికి సెవులున్నాయి గదా" అన్నాడు.

"మా నాన్న" అంది మణిమాల.

విశ్వపతి పరికరం ఆపేశాడు.

"ఇది తుపానుకి ఎన్నాళ్ళ తర్వాత మాస్టారూ?"

"పోట్లు లెక్కపెట్టొచ్చు. పోటుకొక పొర. రోజుకి రెండు. ఇది నాలుగో పోటు. ఇంకా ఉన్నాయి" అన్నాడు.

ఎనిమిదో పోటుకి ఆ గొంతు, "గరికినోళ్ళం. ఇద్దరం. పద్నాలుగు బారలు" అంది. పదకొండో పోటుకి, "గరికినోణ్ణి. ఒక్కణ్ణి. పద్నాలుగు బారలు." పదమూడో పోటుకీ అదే మాట, గొంతు మాత్రం ముసలివాడిదిలా అయిపోయింది. అప్పటికి పోలయ్యకి ముప్పై నాలుగేళ్ళు.

లోతు మారలేదంటే పడవ బోల్తాపడి, వల అడుగున దేనికో చిక్కుకుని అక్కడే నిలిచిపోయిందన్నమాట. పద్నాలుగు బారల లోతంటే ఒడ్డుకి ఏమంత దూరం కాదు. అక్కడి నుంచి చూస్తే ఊళ్ళో తాటిచెట్లు కనిపిస్తాయి.

"ఆ తర్వాత?"

"తర్వాతి పొరలు చెదిరి ఉన్నాయి. పద్నాలుగులో ఏదో ఉంది, ఉన్నట్టే కనిపిస్తోంది. రొద నుంచి విడదీయాలంటే నెల పడుతుంది. ఊచ అక్కడే దిగి ఉండాలి, మట్టి కదలకూడదు" అన్నాడు విశ్వపతి. ఆయన చెప్పనిది కూడా ఆమెకి తెలుసు. నివేదిక ఆమోదించిన మర్నాడే తవ్వడం మొదలవుతుంది. అన్నిటికన్నా పెద్దది కాబట్టి మొదట తవ్వేది ఆరో చోటే. ఆ వరస పెట్టింది తనే.

ఆ రోజు ఆమె ఇంటికి నడిచే వెళ్ళింది. దారి పొడుగునా మూడో రోజు గుర్తుకొచ్చింది.

మూడో రోజు అంటే తుపాను తర్వాత మూడో రోజు. ఊళ్ళో పడవ అన్నది మిగల్లేదు. వెతకడానికి వచ్చిన ఓడ ఎక్కడో దూరంగా, లోతు సముద్రంలో తిరుగుతోంది. ఒక అధికారి జీపులో వచ్చి, తప్పిపోయినవాళ్ళు చనిపోయినట్టు ఇంటివాళ్ళు వేలిముద్ర వేస్తే పరిహారం వెంటనే ఇస్తామన్నాడు. పాపం ఆయన చెడ్డవాడు కాదు, ఆకలితో ఉన్న పిల్లల్ని చూసి తొందరపడ్డాడు. కాసులమ్మ ముందు వేసింది, ఆమెని చూసి మిగతావాళ్ళూ వేశారు. అందరూ వేశాక కాగితం మీద వెతకవలసినవాడు ఎవడూ మిగల్లేదు, ఓడ వెనక్కి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఊరి ఆచారం ప్రకారం ఒడ్డున నిలబడి పోయినవాడి పేరు మూడుసార్లు నోటితో పిలిచి, జవాబు రాలేదని, ఇంట్లో మిగిలిన అతని తెడ్డు విరిచి నీళ్ళలో వదిలేశారు. ఒక్కరైనా విరిచేముందు ఆ తెడ్డు నీళ్ళలో పెట్టి చెవి ఆనించి ఉంటే! ఆనించలేదు. చచ్చినవాడి తెడ్డుకి చెవి ఆనించకూడదన్నది కూడా ఆచారమే.

ఆ పరిహారంతోనే మణిమాల చదువుకుంది. మొదట హాస్టలు, తర్వాత కాలేజీ, తర్వాత లాభనష్టాలు తూచే శాస్త్రం.

మర్నాడు నివేదికలో ఆరో చోటు ఎదురుగా 'మట్టి మూగది, నూనె లేదు' అని రాసేసింది. ఇరవై ఏళ్ళ చదువులో, ఉద్యోగంలో అదే ఆమె మొదటి అబద్ధం. ఒక నెల కావాలి, అంతే. పద్నాలుగో పోటు వినాలి. తండ్రి ఎన్నాళ్ళు బతికాడో తెలియాలి. ఆచారాలన్నీ మరిచిపోయే దశలో ఒక్కసారైనా మణీ అని పిలిచాడేమో తెలియాలి. ఎనిమిదేళ్ళ పిల్లగా మొదలైన ఆకలి అది. ఇన్నాళ్ళూ అది ఉన్నట్టు కూడా ఆమెకి తెలియదు.

విశ్వపతికి అబద్ధం దొరక్కుండా ఎలా ఉంటుంది? ఆయన నివేదిక చూసి, ఆమెని పిలిచి, కోప్పడలేదు.

"నేను ఎవరికీ చెప్పను. నా పేరు పాడైతే పాడవుతుంది, ఈ వయసులో దాన్ని ఏం చేసుకుంటాను" అన్నాడు. "కానీ అమ్మా, ఆ గొంతు నీ ఒక్కదానిదీ కాదు కదా."

"మా అమ్మకి ఎలా చెప్పను మాస్టారూ? మూడో రోజుకి వేలిముద్ర వేసిన మనిషికి ఏడో రోజు దాకా బతికున్నాడని చెప్పమంటారా? చంపినట్టే కదా?"

"చెప్పమని అనడం లేదు. నీదే అనుకోవద్దంటున్నాను."

ఆ ఆదివారం ఆమె చినబంగారమ్మపేట వెళ్ళింది. కాసులమ్మ ఇసక మీద ఎండుచేపలు తిరగేస్తోంది. కాకుల్ని తోలడానికి పక్కన కర్ర. అరవై దాటినా గొంతులో జోరు తగ్గలేదు. ఊరంతా ఆమెని రాతిగుండె మనిషి అంటారు. ఆనాడు వేలిముద్ర వేసేటప్పుడు కంట తడి పెట్టలేదని ఆ పేరు.

"ఏంటే, ఆపీసులో తరిమేశారా? మొకం అట్టా ఉంది?"

మణిమాల ఫోనూ హెడ్‌ఫోన్లూ తీసి తల్లి చెవులకి తగిలించింది. కాసులమ్మ మొదట నవ్వింది, పాటేదో అనుకుని. తర్వాత చేతిలోని చేపని మెల్లగా కింద పెట్టింది. నాలుగు ముక్కలూ వరసగా విన్నది. మళ్ళీ పెట్టమని వేలితో సైగ చేసింది. మూడుసార్లు విన్నది.

ఆమెకి ఎవరూ లెక్క చెప్పక్కర్లేకపోయింది. "నేను ఏలిముద్ర ఏసింది ఆరో పోటుకి" అంది. "ఇది ఎన్నోది?"

"పదమూడు."

"పద్నాలుగు బారలు" అంది కాసులమ్మ సముద్రం వైపు చూస్తూ. "అదిగో. అంత దగ్గిర. తెడ్డు నేనే ఇరగ్గొట్టాను. గట్టిది, ఇరగలేదు, రాయికేసి కొట్టాను."

మణిమాల అన్నీ చెప్పేసింది. మట్టి, నూనె, అబద్ధం, ఇంకో నెలకి వినిపించే పద్నాలుగో పోటు. "తవ్వకుండా ఆపాను. ఆఖరి మాట వినొచ్చమ్మా."

కాసులమ్మ అదేమీ పట్టించుకోలేదు. ఆమె ఒకే ఒక్క సంగతి దగ్గర ఆగిపోయింది. "పోటు వొచ్చినప్పుడల్లా ఆ మట్టి మళ్ళీ పలుకుద్దన్నావు. ఇప్పుడూ పలుకుతుందా? ఇయ్యాల?"

"పలుకుతుంది. మనకి వినపడదు."

"ముప్పై ఏళ్ళ నుంచీ, పోటు పోటుకీ?"

"అవునమ్మా."

కాసులమ్మ చేపలు బుట్టకెత్తి, కాళ్ళు కడుక్కుని, పక్కింటి ఎల్లాజీ దగ్గరికి వెళ్ళి, రేపు పొద్దున పడవ కావాలంది. పడవ కన్నా తెడ్డు కష్టమైంది. ఇప్పుడు అందరివీ ఇంజన్ పడవలు. చివరికి ఎల్లాజీ చూరుకింద, చేపలు ఆరేసే దండెంగా పనిచేస్తున్న ఒక పాత కర్రతెడ్డు దొరికింది.

తెల్లవారాక ముగ్గురూ వెళ్ళారు. మట్టిచెవికి కట్టిన పసుపు బోయా దగ్గర ఎల్లాజీ ఇంజన్ ఆపేశాడు. పోటు ఎక్కుతోంది. కాసులమ్మ చీర బిగించి, మోకాళ్ళ మీద కూర్చుని, తెడ్డు నీళ్ళలోకి నిలువుగా దించింది. పైకొసకి చెవి ఆనించి చాలాసేపు ఉంది. ఏమీ వినపడదని మణిమాలకి తెలుసు, అయినా ఆపలేదు. ఆమెకి మాత్రం అలా చూడటం భరించరానిదిగా ఉంది.

తర్వాత కాసులమ్మ నోరు ఆనించింది. ఆనించి ఆగిపోయింది. పిలుపు విన్నవాళ్ళు విన్నాను అని, వస్తున్నాను అని పలకాలి. రాలేని వాళ్ళు వస్తున్నానని పలికితే అంతకన్నా పాపం లేదు. ఆమె తల ఎత్తి కూతురి వైపు చూసింది, ఏం అనమంటావన్నట్టు. అప్పుడు కాసులమ్మ తిరిగి నోరు ఆనించి, ఆ వయసుకి నమ్మలేనంత గట్టిగా కేక వేసింది.

"గరికినోళ్ళం! ఇద్దరం! ఒడ్డునున్నాం!"

ముప్పై ఏళ్ళ కిందట మూడో రోజు వేయవలసిన కేక అది. ఎల్లాజీ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కాసులమ్మ అంది: "తవ్వించెయ్యి."

"అమ్మా, తవ్వితే నాన్న మాట చెరిగిపోతుంది. పద్నాలుగోది ఇక ఎప్పటికీ వినలేం."

"నాకొద్దు. ఒక్కణ్ణి, ఒక్కణ్ణి అని పోటు పోటుకీ సెప్పుకుంటా ఉంటే నేనెట్టా అన్నం తినను? గొంతు నీక్కావాలి. మీ అయ్యకి ఒడ్డు కావాలి."

"అబద్ధం రాసేశాను కదమ్మా."

"రాసిన సేత్తోనే కొట్టెయ్యి. నేను ఏలిముద్రేసి తప్పు సేశాను, నువ్వు ఎయ్యక తప్పు సెయ్యకు."

మణిమాలకి కోపం వచ్చింది, తల్లి మీద మొట్టమొదటిసారి అంత కోపం. ఒక్క నెల ఆగితే ఏం పోతుంది? ముప్పై ఏళ్ళు పలికినవాడు ఇంకో నెల పలికితే ఏమవుతుంది? ఈ ప్రశ్న ఆమె పైకి అనబోయి, అందులో ఉన్న లెక్క తనకే వినబడి, నోరు మూసుకుంది.

నివేదిక సరిచేసింది. పొరపాటున తప్పు పడిందని రాసింది. మండలి సంతోషించింది. అంత పెద్ద గని పోతుందనుకుని వాళ్ళు అప్పటికే దిగాలుగా ఉన్నారు. నష్టాలు అన్న శీర్షిక కింద, అంతకుముందు 'గుర్తించదగినవి లేవు' అని ఉన్నచోట, ఆమె 'గరికిన పోలయ్య, పద్నాలుగు బారల లోతున' అని రాసింది. మర్నాడు మండలి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. "మేడమ్, నష్టాల దగ్గర ఎవరిదో పేరు పడింది. టైపింగ్ పొరపాటేనా? తీసేయమంటారా?"

"పొరపాటు కాదు. ఉండనివ్వండి" అంది. అచ్చయి వచ్చిన ప్రతిలో ఆ పేరు లేదు.

తవ్వడానికి సోమవారం ముహూర్తం పెట్టారు. ముందు గురువారం విశ్వపతి ఫోను చేశాడు. ఆయన గొంతు ఎప్పటిలా లేదు. ఇరవై రోజులుగా రాత్రీ పగలూ కూర్చుని, నెల పని ముగించేశాడట. "పద్నాలుగో పోటు వచ్చింది. వింటావా, వద్దా? వద్దంటే చెరిపేస్తాను."

ఆమె వెళ్ళింది. వెళ్ళకుండా ఎలా ఉంటుంది?

చాలాసేపు రొద. చెక్క మీద దెబ్బలు లేవు. ఇంటిపేరు లేదు, లోతు లేదు. ఎవరో దగ్గరగా వచ్చి తెడ్డుకి నోరు ఆనించినట్టు ఊపిరి చప్పుడు. తర్వాత పోలయ్య గొంతు. ముసలితనం పోయింది. ఒడ్డున మోకాటి నీళ్ళలో పాఠం చెప్పినప్పటి గొంతు.

"ఇన్నాను. ఇద్దరూ ఒడ్డునున్నారు గదా. సాలు."

అంతే. పదిహేనో పోటులో ఏమీ లేదు, పదహారులో లేదు.

మణిమాల హెడ్‌ఫోన్లు తీసి, "మా నాన్న ఎవరికి పలికాడు మాస్టారూ?" అంది. "పిలవనివాళ్ళకి పలకరు మావాళ్ళు. ప్రాణం మీదికొచ్చినా పలకరు."

విశ్వపతి కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఏడు రోజులు మంచినీళ్ళు లేనివాడికి ఏవేవో వినిపిస్తాయి. నేను నివేదిక రాస్తే అలాగే రాస్తాను. మీ అమ్మగారి కేక అన్నిటికన్నా పైపొరలో ఉంది, ఇది ముప్పై ఏళ్ళ కింది పొర. రెండూ కలిసే దారి లేదు, మూడుసార్లు చూశాను." "మట్టి కింది నుంచి పైకి పలుకుతుందని కనిపెట్టింది నేనే. పైపొరలో పడ్డ మాట కింది పొరకి వినిపిస్తుందా అని ఎప్పుడూ చూడలేదు. సోమవారం తర్వాత చూడటానికి ఏమీ ఉండదు."

"ఆపమంటారా?"

"అది నన్ను అడక్కమ్మా."

నాన్న తనని పేరు పెట్టి పిలవలేదు. ఆచారం తప్పలేదు మనిషి. కానీ ఇద్దరూ అన్నాడు. ఆ ఇద్దరిలో రెండోది తనే. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. పక్క సీటావిడ, "ఎవరైనా పోయారా అమ్మా?" అని అడిగితే అవునని చెప్పింది. ఎప్పుడంటే చెప్పలేకపోయింది.

తల్లి వద్దన్నదాన్ని చెప్పాలో లేదో తేల్చుకోకుండానే ఇంటికి చేరింది. కాసులమ్మ గుమ్మంలో కూర్చుని వల చింపులు కుడుతోంది. కూతురి మొహం చూసి సూది ఆపింది.

"పలికాడా?"

"పలికాడమ్మా."

"ఎన్నో పోటుకి?"

"పద్నాలుగు."

నాకొద్దని చెప్పిన మనిషి అడిగేసింది. "ఏవన్నాడు?"

మణిమాల చెప్పింది. తండ్రి అన్న మాటలు ఆ వరసలోనే, ఒకటి కలపకుండా, ఒకటి తీయకుండా. రాతిగుండె కాసులమ్మ గుమ్మం పట్టుకుని, నోరు తెరిచి, ముప్పై ఏళ్ళ కిందట ఏడవవలసిన ఏడుపంతా ఏడ్చింది. వీధివీధంతా వచ్చి నిలబడింది. ఎందుకేడుస్తోందో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఏడుపు తెరిపిచ్చాక కొంగుతో మొహం తుడుచుకుని, "తవ్వేది సోమారమే గదా?" అంది.

"వద్దంటే ఆపుతానమ్మా. ఎలాగో ఆపుతాను."

"ఎందుకాపడం? సాలు అన్నాడు గదా" అంది కాసులమ్మ. "ఆదోరం దాకా పోటు పోటుకీ ఆ మాట అంటానే ఉంటాడు గదా, మనకి ఇనపడకపోయినా?"

"అంటాడమ్మా."

ఆదివారం దాకా, పగలైనా సరే, అర్ధరాత్రయినా సరే, పోటు వేళకి కాసులమ్మ ఒడ్డుకి వెళ్ళి నిలబడింది. నీళ్ళు పాదాల దాకా వచ్చి, మోకాళ్ళ దాకా వచ్చి, తిరిగి తగ్గేదాకా అక్కడే ఉండి, ఇంటికి వచ్చి అన్నం తినేది. మణిమాల సెలవు పెట్టి పక్కన నిలబడింది.

సోమవారం పోటు మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. కాసులమ్మ ఇంట్లోంచి కదల్లేదు.